వెనక ఒకరు నిలబడే ఏడాది

అక్టోబరు వచ్చిందంటే నా ఫోనుకి ఒకే ప్రశ్న రకరకాల గొంతుల్లో వస్తుంది. "అక్కా, రెసిడెన్సీ చేయాలా? నేరుగా ఉద్యోగంలో చేరిపోతే నష్టమేంటి?" అడిగేవాళ్లలో కొందరు ఇక్కడ అమెరికా కాలేజీల్లో ఫార్మ్‌డి ఆఖరి ఏడాదిలో ఉన్న తెలుగు పిల్లలు. కొందరు గుంటూరులోనో వరంగల్లోనో ఆరేళ్ల ఫార్మ్‌డి ముగించి, ఇక్కడి లైసెన్సు పరీక్షలకు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవాళ్లు. ఎవరడిగినా ముందు నేనొకటి అడుగుతాను: పదేళ్ల తర్వాత మీరు ఎక్కడ నిలబడి పనిచేస్తున్నట్టు ఊహించుకుంటున్నారు? మందుల షాపు కౌంటరు దగ్గరైతే రెసిడెన్సీ అక్కర్లేదు. మందుల కంపెనీలోనైతే ఆ దారి వేరు, దానికి ఫెలోషిప్పులున్నాయి. ఐసీయూలోనో, కేన్సర్ వార్డులోనో, అవయవ మార్పిడి చేసే డాక్టర్ల జట్టులోనో ఉండి "ఈ రోగికి ఈ మోతాదు వద్దు" అని చెప్పే పని కావాలనుకుంటే మాత్రం ఈ ఏడాదిని దాటేయాలని చూడకండి.

రెసిడెన్సీకి పట్టా రాదు. కాలేజీ చదువు అయిపోయాక ఆసుపత్రిలో జీతం తీసుకుంటూ 12 నెలలు చేసే శిక్షణ ఇది. మొదటి ఏడాదిని పీజీవై-1 అంటారు. జనరల్ మెడిసిన్, ఐసీయూ, ఇన్ఫెక్షన్లు, ఔట్‌పేషెంట్ క్లినిక్, ఫార్మసీ నిర్వహణ అన్నీ నెలకొకటి చొప్పున తిరిగి నేర్చుకోవాలి. ఇంకా లోతుకు వెళ్లాలనుకునేవాళ్లకు పీజీవై-2 ఉంటుంది, ఆ ఏడాదంతా కేన్సరో, పిల్లల వైద్యమో, అత్యవసర విభాగమో ఒక్కటే విషయం. దీనికి మూలం 1927లో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో హార్వీ విట్నీ మొదలుపెట్టిన ఇంటర్న్‌షిప్పు. 1942లో ఆసుపత్రి ఫార్మసిస్టులు సంఘం పెట్టుకున్నప్పుడు తొలి అధ్యక్షుడు కూడా ఆయనే. ఇప్పుడు ఏఎస్‌హెచ్‌పీ అని పిలుచుకునేది ఆ సంఘాన్నే, రెసిడెన్సీలకు గుర్తింపు ఇచ్చేదీ అదే. 2020 నాటికి రోగులతో నేరుగా పనిచేయబోయే కొత్త ఫార్మసిస్టులందరికీ పీజీవై-1 తప్పనిసరి కావాలని 2007లో ఆ సంఘం తీర్మానం చేసింది. 2020 దాటిపోయింది, తప్పనిసరి కాలేదు. కానీ పెద్ద ఆసుపత్రుల ఉద్యోగ ప్రకటన ఏది తీసినా "పీజీవై-1 లేదా దానికి సమానమైన అనుభవం" అన్న వాక్యం కనిపిస్తుంది. కొత్తగా బయటికొచ్చిన పిల్లల దగ్గర ఆ సమానమైన అనుభవం ఎక్కడినుంచి వస్తుంది?

ఇక ఆ ఏడాదిలో నిజంగా జరిగేదేమిటో చెప్తాను. ప్రోగ్రాముల పుస్తకాల్లో రొటేషన్ల పేర్లు ఉంటాయి గానీ ఇది ఉండదు.

నేను చేరిన రెండో వారం. జూలై. నా జాబితాలో అరవై ఎనిమిదేళ్ల పెద్దాయన, న్యుమోనియా. వాంకోమైసిన్, పైపరాసిల్లిన్-టాజోబాక్టమ్ రెండూ నడుస్తున్నాయి. ఈ రెండూ కలిస్తే కిడ్నీ మీద కన్నేసి ఉంచాలని కాలేజీలో వందసార్లు చదివాను. పొద్దున ఏడింటికి చార్టు తెరిస్తే క్రియాటినిన్ రెండు రోజుల్లో 1.0 నుంచి 1.6కి పెరిగి ఉంది. వాంకోమైసిన్‌కి ట్రఫ్ చూసే పాత అలవాటు మాని ఏయూసీని 400, 600 మధ్య ఉంచమని 2020 మార్గదర్శకాలు చెప్పాయనీ తెలుసు. ముక్కు స్వాబ్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ లేదని రిపోర్టు వచ్చిందనీ తెలుసు. కాగితం మీద అంతా రాసుకున్నాను. తొమ్మిదిన్నరకి రౌండ్సులో ఆ గది ముందు నిలబడ్డాం. పెద్ద డాక్టరు గబగబా మాట్లాడతారు. నా నోట మాట రాలేదు. నాతో వచ్చిన ప్రిసెప్టరుకీ, అంటే నాకు శిక్షణ ఇచ్చే సీనియర్ ఫార్మసిస్టుకీ, ఆ అంకె తెలుసు, ఆమే చెప్పేయొచ్చు. చెప్పలేదు. అందరూ పక్క గదికి కదులుతుండగా నా మోచేతి మీద వేలితో తట్టింది. అప్పుడు చెప్పాను. వాంకోమైసిన్ ఆగింది.

తర్వాత కాఫీ తాగుతూ ఆమె ఒక్కటే అడిగింది: "ఆ క్రియాటినిన్ సంగతి నీకు ఏడింటికే తెలుసు. తొమ్మిదిన్నర దాకా నీ దగ్గర పెట్టుకుని ఏం చేశావు?"

ఆ ప్రశ్నే నా రెసిడెన్సీ. మందుల గురించి నాకు తెలిసినదానికీ రోగి ఒంట్లోకి వెళ్లే మందుకీ మధ్య నేను నోరు తెరవాల్సిన చోటొకటి ఉందని, అక్కడ మౌనంగా ఉంటే నా చదువంతా ఆ రోగికి లేనట్టేనని ఆ రోజు అర్థమైంది.

ప్రిసెప్టరు పని నాలుగు మెట్లుగా ఉంటుందని ఏఎస్‌హెచ్‌పీ పద్ధతి చెబుతుంది. ముందు కూర్చోబెట్టి నేర్పడం. తర్వాత తను చేస్తూ చూపించడం. ఆ తర్వాత మన చేత చేయిస్తూ దిద్దడం. చివర పని మనకే వదిలేసి తను వెనక నిలబడటం. మా ఊళ్లో మామయ్య దిగుడుబావిలో ఈత నేర్పిందీ ఇలాగే. మొదట వీపుకు ఎండు సొరకాయ బుర్ర కట్టి పొట్ట కింద చెయ్యి పెట్టాడు. తర్వాత చెయ్యి తీసేశాడు. ఒకరోజు బుర్ర విప్పి, తను మెట్టు మీద కూర్చున్నాడు. మునిగితే దూకడానికి మనిషి ఉన్నాడు, కానీ ఈదాల్సింది నేనే. కాలేజీ మొదటి రెండు మెట్లూ ఎక్కిస్తుంది. ఉద్యోగంలో చేరితే మెట్టు మీద ఎవరూ ఉండరు. మూడో మెట్టూ నాలుగో మెట్టూ ఓపిగ్గా ఎక్కించేది ఈ 12 నెలలే. ప్రోగ్రాము ఎంచుకునేటప్పుడు మీరు కనిపెట్టాల్సింది కూడా ఇదే: ఇక్కడ ఆ మెట్టు మీద కూర్చునే మనిషి ఉన్నాడా?

ఆసుపత్రి పేరు చూసి అది తెలియదు. ఎన్ని పడకలున్నాయో చూసినా తెలియదు. నేను చూసిన మంచి శిక్షణల్లో రెండు చిన్న పట్టణాల ఆసుపత్రుల్లోవి. అక్కడ రెసిడెంటు ఒక్కరే కాబట్టి ఫార్మసిస్టులందరి కళ్లూ ఆ ఒక్కరి మీదే. పెద్ద పేరున్న చోట్ల, రెసిడెంటుకి ముందు పీజీవై-2 వాళ్లు ఉంటారు, వాళ్ల ముందు స్పెషలిస్టు ఉంటారు. మొదటి ఏడాది పిల్లలు వెనక వరసలోనే ఏడాది గడిపేసే ప్రమాదం ఉంది. అన్ని పెద్ద ఆసుపత్రులూ ఇలాగే ఉంటాయని అనను. అడిగి తెలుసుకోవాలి.

ఇంటర్వ్యూలో ప్రస్తుత రెసిడెంట్లతో విడిగా మాట్లాడనిస్తారు, డైరెక్టరు ఆ గదిలో ఉండరు. ఆ అరగంటే మీకు బంగారం. "ప్రోగ్రాము బాగుందా" అని అడిగితే బాగుందనే చెప్తారు. "రౌండ్సులో ఏ నెలనుంచి ఒంటరిగా వెళ్తున్నారు?" అని అడగండి. "మీరు చేసిన తప్పొకటి చెప్పండి, తర్వాత ఏం జరిగింది?" అని అడగండి. ఈ ప్రశ్నకు వాళ్లు తడబడినా, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నా గుర్తుపెట్టుకోండి. పోయిన మూడేళ్లలో బయటికెళ్లినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో, మధ్యలో మానేసినవాళ్లున్నారో అడగండి. వారాంతాల్లో మామూలు ఫార్మసిస్టు డ్యూటీ ఎన్ని వారాలకొకసారి పడుతుందో అడగండి. రెండు వారాలకొకసారికీ మూడు వారాలకొకసారికీ ఉన్న తేడా ఆగస్టులో తెలియదు, ఫిబ్రవరిలో తెలుస్తుంది. నాలుగు వారాల సగటు మీద వారానికి 80 గంటలు మించకూడదనీ, సగటున ఏడు రోజులకొక రోజు సెలవుండాలనీ నియమముంది. ఆ లెక్క అక్కడ ఎలా రాస్తారో కూడా అడగొచ్చు. అడిగితే ఏమనుకుంటారోనని భయపడకండి, మంచి డైరెక్టర్లకు ఈ ప్రశ్నలంటే ఇష్టం.

దరఖాస్తు అంతా ఫోర్కాస్ అనే ఒకే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతుంది. నవంబరు మొదట్లో తెరుస్తారు, డిసెంబరు ఆఖరునుంచి జనవరి మొదటి వారాల్లో గడువులు ముగుస్తాయి. డిసెంబరులో ఏఎస్‌హెచ్‌పీ మిడ్‌ఇయర్ సమావేశంలో ప్రోగ్రాములవాళ్లు బల్లలు వేసుకుని కూర్చుంటారు, ముఖపరిచయానికి అది పనికొస్తుంది. జనవరి, ఫిబ్రవరి ఇంటర్వ్యూలు. మార్చి మొదట్లో మీ ఇష్టాల వరస ఇవ్వాలి, ప్రోగ్రాములూ తమ వరస ఇస్తాయి. రెండిటినీ జత చేసే ఈ పద్ధతినే మ్యాచ్ అంటారు, ఆ నెలలోనే ఫలితం. కొత్త ఏడాది జూన్ ఆఖర్లోనో జూలైలోనో మొదలవుతుంది.

ఇష్టాల వరస దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఎంసెట్ వెబ్ ఆప్షన్లప్పుడు మా ఇంట్లోనే చూశాను. "అది మనకెలాగూ రాదు, వచ్చేదాన్ని పైన పెట్టు" అని నాన్న, బాబాయి, పక్కింటి లెక్చరరుగారు కలిసి నా వరసను తలకిందులు చేశారు. ఇక్కడ అలా చేయకండి. ఈ మ్యాచ్‌లో మీరు పైన పెట్టిన చోటు రాకపోయినంత మాత్రాన కింద పెట్టినచోట మీ అవకాశం తగ్గదు. లెక్క అభ్యర్థి ఇష్టం వైపునుంచే మొదలవుతుంది. డాక్టర్ల మ్యాచ్‌కి ఈ పద్ధతిని తీర్చిదిద్దిన ఆల్విన్ రాత్‌కి 2012లో అర్థశాస్త్రం నోబెల్ వచ్చింది. మీకు నిజంగా ఏది ఇష్టమో అదే మొదట. ఎవరు మిమ్మల్ని ఎక్కువ మెచ్చుకున్నారన్నది లెక్కలోకి తీసుకోకండి. ఇంకోటి, ఫలితానికి మీరు కట్టుబడి ఉండాలి, కాబట్టి వెళ్లలేని చోటిని జాబితాలో రాయనే వద్దు.

లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే ఉత్తరం ఒక్క పేజీ. అందులో ఆసుపత్రిని పొగడకండి, వాళ్ల గొప్ప వాళ్లకు తెలుసు. మీరు వార్డులో చేసిన ఒక్క పని తీసుకుని, అందులో మీకు చేతకానిదేమిటో, అది ఈ ప్రోగ్రాములో ఎక్కడ నేర్చుకోగలనని అనుకుంటున్నారో రాయండి. నేనిప్పుడు ఏటా ఈ ఉత్తరాలు చదువుతున్నాను. "చిన్నప్పటినుంచి జనానికి సేవ చేయాలని" అని మొదలైన ఉత్తరం ఎవరిదో పేజీ తిప్పేసరికి నాకు గుర్తుండదు. డిశ్చార్జి రోజున ఇన్సులిన్ పెన్ను ఎలా వాడాలో ఒకావిడకి మూడుసార్లు చెప్పి, నాలుగోసారి ఆవిడ చేతే చేయించినప్పుడుగానీ తన తప్పు తెలియలేదని రాసిన అమ్మాయి నాకింకా గుర్తుంది. రెజ్యూమె విషయంలో మన అలవాట్లు కొన్ని వదలాలి: ఫొటో, తండ్రి పేరు, పుట్టినరోజు, పెళ్లయిందా లేదా, పదో తరగతి మార్కులు ఏవీ వద్దు. చేసిన ప్రెజెంటేషన్లు రాసేటప్పుడు విషయం, తేదీ, విన్నవాళ్లెవరు అన్నీ రాయండి.

సిఫారసు లేఖలు మామూలుగా మూడు కావాలి. ప్రిన్సిపాలుగారి లేఖ ఘనంగా ఉంటుంది గానీ పనిచేయదు. మీరు తడబడటం, తర్వాత దిద్దుకోవడం రెండూ పక్కనుండి చూసినవాళ్ల లేఖ పనిచేస్తుంది. అడిగేటప్పుడు "నా గురించి గట్టిగా రాయగలరా, మేడమ్?" అని సూటిగా అడగండి. వాళ్లు ఒక్క క్షణం ఆలోచించారంటే ధన్యవాదాలు చెప్పి ఇంకొకర్ని చూసుకోవాలి.

ఇండియాలో చదివినవాళ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పుడు ఆశలు చాలా అమ్ముతున్నారు. అమెరికా బయట చదివినవాళ్లకు ముందు ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ కావాలి. పట్టా 2003 జనవరి 1 తర్వాత వచ్చి ఉంటే, చదివిన ఫార్మసీ కోర్సు కనీసం ఐదేళ్లది అయి ఉండాలి. అందుకే నాలుగేళ్ల బీఫార్మసీకి ఆ తలుపు మూసుకుంది, 2008లో మన దేశంలో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌డికి తెరిచి ఉంది. ఆ సర్టిఫికెట్ కోసం ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, టోఫెల్ రాయాలి. టోఫెల్‌లో మనవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మాట్లాడే విభాగం, ఏళ్ల తరబడి అందులో 30కి 26 అడుగుతూ వచ్చారు. తర్వాత రాష్ట్రాన్నిబట్టి ఇంటర్న్ గంటలు, నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, ఆ రాష్ట్రం అడిగే చట్టం పరీక్ష. రెసిడెన్సీ కాలంలో కనీసం మూడింట రెండు వంతులు లైసెన్సున్న ఫార్మసిస్టుగా పనిచేసి ఉండాలి కాబట్టి పరీక్షలు వాయిదా వేసుకుంటూ పోతే చేతికొచ్చిన సీటు కూడా జారిపోతుంది.

వీసా అన్నిటికన్నా పెద్ద గోడ. చాలా ప్రోగ్రాములు "వీసా స్పాన్సర్ చేయం" అని తమ పేజీలోనే రాసి పెడతాయి. ముందు అది చూడండి, తర్వాతే దరఖాస్తు రుసుము కట్టండి. విశ్వవిద్యాలయాలతో అనుబంధమున్న, లాభాపేక్ష లేని ఆసుపత్రులు చాలావాటికి హెచ్-1బీ లాటరీ వర్తించదు, కాబట్టి వెతుకులాట అక్కడ మొదలుపెట్టడం నయం. 2025 సెప్టెంబరులో విదేశాల్లో ఉన్నవాళ్ల కొత్త హెచ్-1బీల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. కాబట్టి ఇండియాలో కూర్చుని నేరుగా ఇక్కడి రెసిడెన్సీలోకి రావాలనుకోవడం చాలా సన్నని దారి. అది తెలిసే అడుగు వేయండి. ఇక్కడే ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఫార్మ్‌డి చేసిన పిల్లలకు చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు ఉంటుంది, పీజీవై-1 కూడా 12 నెలలే. పీజీవై-2 ఆలోచన ఉంటే దానికి వీసా ఏమిటన్నది మొదటి ఇంటర్వ్యూలోనే తేల్చుకోండి.

ఇండియాలో ఇంకా ఆరో ఏడాదిలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట ఒకటుంది. మీ నియమావళి ఆ ఏడాదిని ఇంటర్న్‌షిప్ లేదా రెసిడెన్సీ శిక్షణ అనే పిలుస్తుంది. ఆరు నెలలు జనరల్ మెడిసిన్, తర్వాత రెండేసి నెలల చొప్పున మూడు ఇతర విభాగాలు. కేటాయించిన వార్డుల్లో క్లినికల్ ఫార్మసీ సేవలు మీరే స్వతంత్రంగా అందించాలని అందులో రాసి ఉంది. చాలాచోట్ల ఆ ఏడాది రౌండ్సులో చివర నిలబడి కేసు షీటు కాపీ చేసుకోవడంతో గడిచిపోతోందని నాకు తెలుసు. అది మీ ఒక్కరి తప్పు కాదు. అయినా రేపటినుంచి ఒక నోటు పుస్తకం పెట్టండి. రోగి పేరు, నంబరు వద్దు. తేదీ, గమనించిన సమస్య, మీరు చెప్పిన సలహా, ఎవరికి చెప్పారు, ఒప్పుకున్నారా లేదా, ఏమైంది. ఒప్పుకోనివి కూడా రాయండి, ఎక్కువ నేర్పేవి అవే. మందు వికటించిన సంఘటన కనిపిస్తే ఫార్మకోవిజిలెన్స్ కేంద్రానికి రిపోర్టు పంపండి, అది రాయడం ఎవరి అనుమతీ అక్కర్లేని క్లినికల్ పని. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర నూట యాభై సలహాల పుస్తకం ఉంటే, మీరు అమెరికా వచ్చినా రాకపోయినా, హైదరాబాదులో క్లినికల్ ఫార్మసిస్టు ఇంటర్వ్యూకి వెళ్లినా అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు అందులో ఉంటుంది.

డాక్టరుతో ఎలా మాట్లాడాలన్నది కూడా ఇప్పుడే సాధన చేయాలి. సార్ వస్తే లేచి నిలబడి, ఎదురుమాట చెప్పడం తప్పని నేర్చుకుని పెరిగాం. ఆ మర్యాద పోగొట్టుకోనక్కర్లేదు. మూడు ముక్కల్లో చెప్పండి: చూసింది, చేయమనేది, తర్వాత మీరు గమనించేది. "క్రియాటినిన్ 1.6కి పెరిగింది సార్. ఎంఆర్‌ఎస్‌ఏ స్వాబ్ నెగటివ్, వాంకోమైసిన్ ఆపేద్దాం. కిడ్నీ పనితీరు నేను రోజూ చూసి చెప్తాను." ఇందులో అవిధేయత లేదు, అక్కర్లేని మాటా లేదు. అద్దం ముందు కాదు, స్నేహితురాలిని డాక్టరుగా నిలబెట్టి పైకి అనండి.

డబ్బు సంగతి దాచను. ఫార్మసిస్టు మధ్యస్థ జీతం ఇక్కడ ఏడాదికి లక్షా ముప్పై వేల డాలర్ల పైన ఉంటే, రెసిడెంటుకి వచ్చేది యాభై వేల చుట్టుపక్కల, అంటే సగం కూడా కాదు. అప్పు మీద చదివినవాళ్లకు అది చిన్న మాట కాదు. "ఇంత చదివి సగం జీతమా? పెళ్లి సంబంధాలవాళ్లకు ఏం చెప్పాలి?" అని మా అమ్మ అడిగింది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి మీ సంపాదన అవసరముంటే, మీరు ఉద్యోగంలో చేరండి, అందులో తగ్గిపోయేదేమీ లేదు. అలాంటి ఇబ్బంది లేకుండా కేవలం బంధువుల మాటకోసమైతే ఆగకండి. ఈ సగం జీతం ఒక్క ఏడాదిది, మీకు కావలసిన పని ముప్పై ఏళ్లది.

చేరినవాళ్లకు రెండు జాగ్రత్తలు. రిసెర్చి ప్రాజెక్టు చిన్నది పెట్టుకోండి, ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితాలు సెప్టెంబరులోపే పంపండి. వసంతకాలం సమావేశాల్లో సమర్పించేటప్పుడు సగం డేటాతో ఏడ్చేవాళ్లను ఏటా చూస్తున్నాను. రెండోది, నవంబరులో ఒక గుంట వస్తుంది. చీకటి త్వరగా పడుతుంది, పండగలకు ఇంటికి వెళ్లలేం, దీపావళి రోజున స్టాఫింగ్ డ్యూటీ పడుతుంది. నేను పనికిరాననిపిస్తుంది. దాదాపు అందరికీ అనిపిస్తుంది. ఆ వారం మీ ప్రిసెప్టరుకి ఆ మాట చెప్పండి. చెప్పకుండా దిగమింగితే అది నిద్రలోకీ, తర్వాత మోతాదుల లెక్కలోకీ దిగుతుంది.

మార్చిలో పేరు రాకపోతే? రెండో దశ ఉంది, మిగిలిన స్థానాలకు ఏప్రిల్లో మళ్లీ మ్యాచ్ జరుగుతుంది. అదీ కుదరకపోతే ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేరండి. బీసీపీఎస్ అనే బోర్డు పరీక్షకు పీజీవై-1 చేసినవాళ్లు వెంటనే కూర్చోవచ్చు, చేయనివాళ్లు తగిన పని అనుభవం మూడేళ్లు చూపించి కూర్చోవచ్చు. ఆలస్యమైన దారే గానీ మూసుకున్న దారి కాదు, నా పక్క డెస్కులో ఐసీయూ చూసే ఫార్మసిస్టు అలా వచ్చినవాడే. కొత్తవాళ్లకు మొదట దొరికేది ఎక్కువగా రాత్రి షిఫ్టు. కాదనకండి, ఆ షిఫ్టులో ఆసుపత్రి మొత్తం మీ చేతి మీదుగా వెళ్తుంది. ఆఫరు మీద సంతకం పెట్టేముందు మాత్రం జీతం, సెలవులతో పాటు ఇంకొకటి అడగండి: రాత్రి రెండింటికి నాకు సందేహమొస్తే ఫోనెత్తేది ఎవరు? పేరు చెప్పమనండి.